ఎవరి గ్రంథం, ఎవరి సంతకం?

మా తాతగారు స్వహస్తాలతో వ్రాసిపెట్టిన వంశవృక్షం ఒకటి మా ఇంట్లో భద్రంగా ఉన్నది. పాత జమాఖర్చుల పుస్తకంలో నల్లసిరాతో వ్రాసిన ఏడు తరాల పేర్లు అవి. పెళ్ళిళ్ళలో ప్రవర చెప్పవలసివచ్చినా, తద్దినాలకు పేర్లు కావలసివచ్చినా ఆ పుస్తకాన్ని బయటికి తీయడం మాకు అలవాటు. రెండేళ్ళ క్రితం మరొక పనికోసం తీయవలసివచ్చింది.

మా మేనకోడలికి 45వ ఏట రొమ్ము కేన్సరు కనిపించింది. చికిత్స చేస్తున్న డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, “మాస్టారూ, మీ కుటుంబంలో ఎవరెవరు ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో ఒక కాగితం మీద చెట్టులాగా గీసి ఇవ్వగలరా?” అని అడిగింది. ఏడు తరాల వంశవృక్షమే ఉన్నదని కొంచెం గర్వంగా చెప్పాను. ఇంటికి వచ్చి పుస్తకం తెరచి చూస్తే అందులో ఒక్క స్త్రీ పేరు కూడా లేదు.

తెలిసినంతవరకు నేనే గీశాను. మా అక్కయ్య, అంటే ఈ పిల్ల తల్లి, 1994లో 44 ఏళ్ళకు ఇదే జబ్బుతో పోయింది. అప్పటికి ఈ పిల్ల పదవ తరగతి. మా అమ్మ తొంభై ఏళ్ళు ఆరోగ్యంగా బ్రతికింది. మా నాన్నగారికి ఒక చెల్లెలు ఉండేదని, రొమ్ములో వ్రణం లేచి చిన్నవయసులోనే పోయిందని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకోగా చిన్నప్పుడు విన్నాను. స్వయానా మేనత్త. ఆమె పేరు నాకు తెలియదు. డాక్టరమ్మ కాగితం చూసి, మా నాన్నగారి పేరు మీద వేలు పెట్టి, “ఇది మగవాళ్ళ మీదుగా కూడా వస్తుంది మాస్టారూ. చాలామందికి తాము మోస్తున్నట్లే తెలియదు” అన్నది.

జన్యుపరీక్ష చేయించాలన్నారు. నాలుగు పేజీల అంగీకారపత్రం ఇచ్చారు. మా మేనకోడలు దానిని నా చేతిలో పెట్టి, “మావయ్యా, నువ్వు చదివి చెప్పు. తరువాత సంతకం పెడతాను” అన్నది. మిగిలిన రక్తపు నమూనాను, పేరు తొలగించి, పరిశోధనకు వాడుకోవచ్చునా అన్న ప్రశ్న అందులో ఒకటి ఉన్నది. అవును, కాదు అని రెండు గళ్ళు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు వాక్యం వెనుక ఉన్న అర్థం చెప్పినవాణ్ణి, ఆ ఒక్క వాక్యం వెనుక ఏమున్నదో చెప్పలేకపోయాను. అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ చదువే ఈ వ్యాసం. నేను విజ్ఞానశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను, భాషాప్రవీణుణ్ణి మాత్రమే. పొరపాటు దొర్లితే తెలిసిన మిత్రులు దిద్దగలరు. మా ఇంటి సంగతి వ్రాయడానికి మా మేనకోడలి అనుమతి తీసుకున్నాను.

నాలుగు అక్షరాల లిపి

ముందుగా ఒక మాట గురించి. జీనోమ్ అన్న పదాన్ని 1920లో హాన్స్ వింక్లర్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కల్పించాడు. జీన్ అన్న మాటకు క్రోమోజోమ్ అన్న మాట చివరిభాగాన్ని అతికించాడు. తెలుగులో కొందరు జన్యుపటమనీ, కొందరు జన్యురాశి అనీ అంటున్నారు. సంహిత అంటే ఒకచోట కూర్చినది కనుక ‘జన్యుసంహిత’ అంటే బాగుంటుందని నాకు తోస్తున్నది. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెప్పగలరు. అంతవరకు జీనోము అనే వాడతాను.

ఈ గ్రంథానికి అక్షరాలు నాలుగే: ఎ, సి, జి, టి. నాలుగు రసాయనాల పేర్లలోని మొదటి అక్షరాలివి. మనలో ప్రతి ఒక్కరికీ తల్లినుంచి ఒక ప్రతి, తండ్రినుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక్కొక్క ప్రతిలో 23 పర్వాలు, అనగా 23 క్రోమోజోములు. మొత్తం సుమారు 300 కోట్ల అక్షరాలు.

ఇన్ని కోట్లలో ఒక్క అక్షరం తప్పితే ఏమవుతుందన్న సందేహం సహజం. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో కనిపించే కొడవలి కణాల రక్తహీనతను చూడండి. రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌కు సంబంధించిన జన్యువులో ఒకచోట ‘జిఎజి’ అని ఉండవలసినది ‘జిటిజి’ అని ఉంటుంది. అంతే. తల్లినుంచీ తండ్రినుంచీ వచ్చిన రెండు ప్రతులలోనూ ఆ తప్పు ఉంటే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నటి రక్తనాళాలలో ఇరుక్కుని, ప్రాణాలు తోడేసే నొప్పి పుట్టిస్తాయి. ఇది అణువులోని దోషంవల్ల వచ్చే వ్యాధి అని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చెప్పింది. దోషం ఎక్కడున్నదో 1950ల చివరిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ పట్టుకున్నాడు. ఒక్క వర్ణం మారితే పదం అర్థమే మారిపోతుందని వ్యాకరణం చెప్పినవాడికి ఇందులో ఆశ్చర్యం లేదు. మారినది మనిషి ఒంట్లో అన్నదే భయం.

ఈ లిపి ఏ రూపంలో ఉన్నదో 1953లో వాట్సన్, క్రిక్ ప్రకటించారు. ఆ కథ అందరూ ఎరిగినదే. అందులో ఒక్క సంగతి మాత్రం ఇక్కడ చెప్పాలి. లండనులో రోసలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్-రే చిత్రాన్ని ఆమె సహోద్యోగి విల్కిన్స్, ఆమెకు తెలియకుండా, వాట్సన్‌కు చూపించాడు. ఫ్రాంక్లిన్ 1958లో 37వ ఏట అండాశయ కేన్సరుతో మరణించింది. 1962లో ఆ ముగ్గురు పురుషులకూ నోబెల్ బహుమానం వచ్చింది. అడగకుండా తీసుకోవడం ఈ చరిత్రలో తొలి పేజీలలోనే ఉన్నది.

చింపడం, అతికించడం

లిపి తెలిసినంతమాత్రాన గ్రంథం చదవడం రాదు. అక్షరాలను వరుసగా చదివే సులువైన పద్ధతిని 1977లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ కనిపెట్టాడు. రసాయనశాస్త్రంలో రెండుసార్లు, 1958లోను 1980లోను, నోబెల్ పొందిన మహానుభావుడు ఆయన. మొదట ఆయన బృందం చదివినది బాక్టీరియాను పట్టే ఒక చిన్న వైరస్ గ్రంథం. సుమారు 5,400 అక్షరాలు. అక్కడినుంచి 300 కోట్లకు వెళ్ళాలి.

ఇబ్బంది ఏమిటంటే, ఆ పద్ధతిలో ఒక్క విడతకు చదవగలిగేది కొన్ని వందల అక్షరాలే. కనుక గ్రంథాన్ని ముక్కలు చేసి, ముక్కలు చదివి, మళ్ళీ అతికించాలి. మన భారతాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఒకే ప్రతిని చింపితే ఏ ముక్క తరువాత ఏది వస్తుందో తెలియదు. అనేక ప్రతులను, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క తీరుగా చింపితే, ఒక ముక్క చివర ఉన్న పంక్తి మరొక ముక్క మొదట కనిపిస్తుంది. ఆ పొత్తును పట్టుకుని వరుస కూర్చవచ్చు. అయితే ఒకే వాక్యం పదేపదే వచ్చే చోట, ఉదాహరణకు ప్రతి అధ్యాయం చివరా వచ్చే గద్యం వంటి చోట, ముక్క ఎక్కడిదో చెప్పలేము. మన జీనోములో సగానికి సగం ఇటువంటి పునరుక్తులే.

మానవ జీనోము ప్రాజెక్టు 1990 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వ ధనంతో ఆరంభమయింది. గడువు 15 ఏళ్ళు. అంచనా వ్యయం 300 కోట్ల డాలర్లు. బ్రిటన్, ఫ్రాన్సు, జర్మనీ, జపాను, చైనా కూడా చేయి కలిపాయి. మొదటి అధిపతి వాట్సనే. నీతి, న్యాయ, సామాజిక ప్రశ్నల అధ్యయనానికి బడ్జెట్టులో కొంత భాగం కేటాయించాలని పట్టుబట్టినదీ ఆయనే. మొదట 3 శాతం, తరువాత 5 శాతం కేటాయించారు. చదివిన జన్యుఖండాలకు పేటెంట్లు కోరుతూ ప్రభుత్వ సంస్థే దరఖాస్తు పెట్టడంతో ఆయనకు పై అధికారులతో పొసగక 1992లో తప్పుకున్నాడు. తరువాత ఫ్రాన్సిస్ కాలిన్స్ వచ్చాడు.

1996 ఫిబ్రవరిలో బెర్ముడా ద్వీపంలో శాస్త్రజ్ఞులు సమావేశమై ఒక నియమం పెట్టుకున్నారు. చదివిన అక్షరాలను 24 గంటలలోగా లోకమంతటికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఎవరూ దాచుకోరాదు. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టం ఇదే. 1998లో క్రెయిగ్ వెంటర్ సెలెరా అనే ప్రైవేటు సంస్థతో రంగంలోకి దిగి, మూడేళ్ళలో ముగిస్తానన్నప్పుడు ఈ నియమం విలువ తెలిసింది. ప్రభుత్వ బృందం ముందు పెద్ద ఖండాలుగా విడదీసి, ఏ ఖండం ఎక్కడిదో గుర్తులు పెట్టుకుని, తరువాత ఒక్కొక్క ఖండాన్ని చింపింది. వెంటర్ మొత్తాన్ని ఒకేసారి చింపి కంప్యూటర్లతో అతికించబోయాడు. అందుకు బెర్ముడా నియమం వల్ల బహిరంగమైన అక్షరాలను కూడా వాడుకున్నాడు. చివరికి 2000 జూన్ 26న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఇరుపక్షాలవారినీ చెరొక ప్రక్కన నిలబెట్టుకుని చిత్తుప్రతి సిద్ధమయిందని ప్రకటించాడు. 2003 ఏప్రిల్‌లో పని పూర్తయిందన్నారు.

నిజానికి పూర్తి కాలేదు. పునరుక్తులతో నిండిన 8 శాతం భాగం ఖాళీగానే ఉండిపోయింది. పొడవైన ముక్కలను ఒక్క విడతలో చదివే యంత్రాలు వచ్చాక, 2022లో గాని ఆ ఖాళీలు నిండలేదు. వై క్రోమోజోము 2023లో పూర్తయింది. మనిషికి లక్ష జన్యువులుంటాయనుకున్నది చివరికి ఇరవై వేల చిల్లరకు దిగింది. మనం ఊహించుకున్నంత గొప్పవాళ్ళం కాదని తేలింది.

బఫెలో నగరంలో ఒక ప్రకటన

ఇంతకూ చదివినది ఎవరి గ్రంథం?

పత్రికలన్నీ ‘మానవుని గ్రంథం’ అన్నాయి. మానవుడు అని ఒకడు ఎక్కడా లేడు. ఎవరిదో ఒకరి నెత్తురు తీయాలి. 1997 మార్చి 23న అమెరికాలోని బఫెలో నగరపు దినపత్రికలో, మానవ జీనోము ప్రాజెక్టుకు 20 మంది స్వచ్ఛంద దాతలు కావలెనని ప్రకటన వచ్చింది. ఆ నగరంలోని రాస్వెల్ పార్క్ కేన్సర్ సంస్థలో పీటర్ డి జాంగ్ అనే శాస్త్రజ్ఞుడు డి.ఎన్.ఎ. ఖండాలను సిద్ధం చేస్తుండేవాడు. వచ్చినవారినుంచి రక్తం తీసి, పేర్లు తొలగించి, ఏ నమూనా ఎవరిదో దాతకు కూడా తెలియని విధంగా కలిపివేశారు. ఏ ఒక్కరి అక్షరాలూ మొత్తంలో 10 శాతాన్ని మించవని ఆశిస్తున్నట్లు అంగీకారపత్రంలో వ్రాశారు.

జరిగినది వేరు. ఒక పురుషునినుంచి తయారైన ఆర్.పి.-11 అనే సంపుటి బాగా కుదిరింది. పోటీ వల్ల తొందర పెరిగింది. అందరూ దానినే వాడారు. ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న గ్రంథంలో సుమారు 70 శాతం ఆ ఒక్క మనిషిదే. ఆయన పూర్వీకులలో ఆఫ్రికావారూ ఐరోపావారూ ఉన్నట్లు తరువాతి పరిశీలనలో తేలింది. ఆయనకు ఇచ్చిన మాట నిలబడలేదన్న సంగతి 2024లో పాత కాగితాలు తిరగేసిన పాత్రికేయుల ద్వారా లోకానికి తెలిసింది. ఆయన ఎవరో తెలియదు గనుక వెళ్ళి చెప్పే వీలు కూడా లేదు. ఇటు సెలెరా చదివిన గ్రంథంలో ఎక్కువభాగం తనదేనని వెంటర్ 2002లో స్వయంగా వెల్లడించాడు. ఒకరి పేరు లోకమంతా తెలుసు. మరొకరి పేరు ఎవరికీ తెలియదు.

పండితుడిగా నాకు మరొక లోపం కూడా కనిపించింది. పుణేలోని భండార్కర్ సంస్థవారు 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ముద్రణకు 1,259 వ్రాతప్రతులు పరిశీలించారు. మూలపాఠం పైన, పాఠాంతరాలు క్రింద వేశారు. ఏ ప్రాంతపు ప్రతిలో ఏమున్నదో చదువరికి తెలుస్తుంది. మానవ జీనోముకు మాత్రం చాలాకాలం పాఠాంతరాలు లేని ఒక్క పాఠమే ప్రమాణమయింది. దానితో పోల్చి, ఎక్కడ తేడా ఉంటే అక్కడ లోపమేమోనని అనుమానించే పరిస్థితి. వివిధ దేశాలకు చెందిన 47 మంది జీనోములను పొందుపరచిన ప్రమాణగ్రంథం 2023 మే నెలలో గాని వెలువడలేదు. మన దేశంలో జీనోమ్ ఇండియా పేరిట 2020లో ఆరంభమైన పనిలో దాదాపు పదివేలమంది జీనోములు చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. మన పాఠాంతరాలు ఇప్పుడిప్పుడే అచ్చులోకి వస్తున్నాయన్నమాట.

అక్షరాలకు యజమాని ఎవరు?

మా మేనకోడలికి చేయించిన పరీక్ష బీఆర్‌సీఏ అనే రెండు జన్యువులకు సంబంధించినది. చెడిన డి.ఎన్.ఎ.ను బాగుచేయడం వీటి పని. వీటిలో హానికరమైన దోషమున్న స్త్రీలలో సగానికి పైగా జీవితకాలంలో రొమ్ము కేన్సరు బారిన పడే ప్రమాదం ఉన్నది. దోషమున్న తల్లినుంచి గాని తండ్రినుంచి గాని బిడ్డకు వచ్చే అవకాశం సగం సగం.

ఇటువంటి జన్యువు 17వ క్రోమోజోము మీద ఉన్నదని 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ అనే శాస్త్రజ్ఞురాలు చూపించింది. అంతకుముందు, కేన్సరు ఈ విధంగా వంశంలో దిగుతుందంటే నమ్మినవారు తక్కువ. 1994లో మిరియడ్ సంస్థకు చెందినవారు, మరికొందరితో కలిసి, ఆ జన్యువును పట్టుకున్నారు, పేటెంటు తీసుకున్నారు. ఆ తరువాత అమెరికాలో ఆ పరీక్ష ఇతర ప్రయోగశాలలు చేయరాదన్నారు. రుసుము 3,000 డాలర్లు దాటింది. తన ఒంట్లోని అక్షరాలు తప్పో ఒప్పో తెలుసుకోవడానికి ఒక స్త్రీ ఒకే అంగడికి వెళ్ళాలి. అక్కడ చెప్పినది సరియేనా అని మరొకచోట అడిగే వీలులేదు.

2009లో వైద్యులు, రోగులు కలిసి వ్యాజ్యం వేశారు. 2013 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, ప్రకృతిలో ఉన్న డి.ఎన్.ఎ.ను వేరుచేసి తీసినంతమాత్రాన అది కొత్త సృష్టి కాదని తీర్పు చెప్పారు. ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన ప్రతికి మాత్రం పేటెంటు చెల్లునన్నారు. తాళపత్రాన్ని అటకమీదినుంచి దించినవాడు కవి కాడు గదా! ఆ రోజే ఇతర ప్రయోగశాలలు తామూ ఈ పరీక్ష చేస్తామని ప్రకటించాయి. ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించుకుందామా అని ఈనాడు మా ఇంట్లో తర్జనభర్జన పడగలుగుతున్నామంటే అందులో బెర్ముడా నియమానికీ, ఈ తీర్పుకూ కొంత పాలు ఉన్నదని నా నమ్మకం.

అదే సంవత్సరం మరొకటి జరిగింది. 1951లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీనుంచి, ఆమెకు చెప్పకుండా, బాల్టిమోరులో కేన్సరు కణాలు తీసుకున్నారు. ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలలో ఇప్పటికీ పెరుగుతున్న ‘హీలా’ కణాలు అవే. 2013 మార్చిలో జర్మనీ పరిశోధకులు వాటి జీనోమును చదివి, ఆమె కుటుంబాన్ని అడగకుండా బహిరంగంగా పెట్టారు. ఆమె మనుమలు అభ్యంతరం చెప్పారు. ఆమె అక్షరాలలో సగం ఆమె బిడ్డలవి, పాతిక వంతు మనుమలవి. చచ్చిపోయిన మనిషి గ్రంథం కూడా బ్రతికి ఉన్నవారి గుట్టు విప్పుతుంది. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ఆ సమాచారం ఎవరు చూడవచ్చునో నిర్ణయించే సంఘంలో కుటుంబసభ్యులకు చోటు ఇచ్చారు.

మన దగ్గరి సంగతి

ఇదంతా అమెరికా గొడవ అనుకోనక్కరలేదు. 1977లో హైదరాబాదులో ఏర్పడిన సీసీఎంబీ పరిశోధకులు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ ప్రభృతులతో కలిసి 2009లో మన దేశప్రజల జన్యుచరిత్రను ప్రకటించారు. అందులో ఆంధ్రదేశపు వైశ్యుల ప్రస్తావన ఉన్నది. ఆ సమాజానికి మూలపురుషులు కొద్దిమందేననీ, వంద తరాలకు పైగా బయటివారితో వివాహసంబంధాలు దాదాపు లేవనీ అక్షరాలే చెబుతున్నాయి.

దీనికి వైద్యంతో పని ఉన్నది. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైము దానిని కొద్ది నిముషాలలో విరిచివేస్తుంది. ఆ ఎంజైము లోపించినవారికి మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది; అంతసేపు సొంతంగా ఊపిరి తీయలేరు. కృత్రిమశ్వాస మీద ఉంచితే తేరుకుంటారు. ఊహించని చోట ప్రాణాపాయమే. ఈ లోపం వైశ్యులలో ఇతరులకన్న సుమారు వందరెట్లు ఎక్కువని 2017లో వెలువడిన మరొక పరిశోధనలో చెప్పారు. ఇది ఒక్క కులానికి పరిమితమైన మాట కాదు. ఆనాడు పరిశీలించిన 263 సమూహాలలో 81 సమూహాలకు ఇటువంటి గట్టి కట్టుబాటు చరిత్ర ఉన్నదని తేలింది. దగ్గరి మేనరికాలు చేసుకున్నా చేసుకోకపోయినా, తరతరాలుగా కులం గడప దాటనివారందరికీ తమవైన కొన్ని తప్పులు ఉంటాయి. ఏవో తెలిసినది కొందరికే.

నాతో కలిసి పనిచేసిన వైశ్య మిత్రుడు, లెక్కల మాస్టారు, ఈ సంగతి చెప్పగానే ఇలా అన్నాడు: “పంతులుగారూ, ఇది మావాళ్ళందరికీ తెలియాలి, మత్తు డాక్టరుకు ముందే చెప్పుకోవాలి. కాని సంబంధాలు చూసేచోట ఎవరూ ఎత్తకూడదు.” ఈ రెండు వాక్యాలలో మొత్తం ధర్మసందేహం ఇమిడి ఉన్నది. ప్రాణం నిలిపే మాటే పరువుకు ముల్లు కాగలదు.

అమెరికాలో హవసుపాయి అనే చిన్న తెగకు ఈ ముల్లు గుచ్చుకున్నది. మధుమేహం కారణం తెలుసుకుంటామని 1990 నుంచి ఒక విశ్వవిద్యాలయంవారు వారి రక్తం తీసుకున్నారు. ఆ నమూనాలతోనే మనోవ్యాధుల గురించీ, ఆ తెగ పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్నదాని గురించీ కూడా పరిశోధించారు. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మే జనానికి, మీరు ఆసియానుంచి వచ్చారని తమ నెత్తురుతోనే చెప్పించారు. వారు న్యాయస్థానానికి వెళ్ళారు. 2010లో 7 లక్షల డాలర్ల పరిహారంతో పాటు తమ నెత్తురు తాము వెనక్కు తెచ్చుకున్నారు.

తెలిసిన సంగతిని మనుషులు ఎలా వాడుతారో మనకు అనుభవం లేకపోలేదు. కడుపులోని బిడ్డ క్షేమం చూడవలసిన యంత్రంతో ఆడపిల్లలను ఏరివేశాము. 1994లో లింగనిర్ధారణ నిషేధచట్టం చేసుకోవలసివచ్చింది. జన్యువులను బట్టి ఉద్యోగంలో, ఆరోగ్యబీమాలో వివక్ష చూపరాదని అమెరికా 2008లో చట్టం చేసింది. జీవితబీమాకు అది వర్తించదు. మనకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఉమ్మి నమూనా పంపితే వంశం చెబుతామన్న 23అండ్‌మీ అనే అమెరికా సంస్థ 2025 మార్చిలో దివాలా పిటిషను పెట్టింది. కోటిన్నరమంది అక్షరాలు ఆస్తుల జాబితాలో చేరాయి. అదే సంస్థ స్థాపకురాలి అధ్వర్యంలోని లాభాపేక్ష లేని సంస్థ కొనుక్కున్నది గనుక కొంత మేలు. ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది.

తెలియకుండా ఉండే హక్కు

2007లో వాట్సన్ జీనోమును చదివి ఆయన చేతికే ఇచ్చారు. ఆయన అంతా బహిరంగపరచమన్నాడు, ఒక్క జన్యువు తప్ప. మతిమరుపు వ్యాధికి సంబంధించిన ఆ జన్యువులో ఏమున్నదో తనకు కూడా చెప్పవద్దన్నాడు. లోకానికి ఈ లిపి చూపించినవాడే ఒక పుట తెరవవద్దన్నాడు! అయితే చుట్టుపక్కల అక్షరాలను బట్టి ఆ దాచిన చోట ఏమున్నదో ఊహించవచ్చునని వేరే శాస్త్రజ్ఞులు ఆ తరువాత చూపించారు. శాసనంలో చెరిగిపోయిన అక్షరాన్ని యతిప్రాసలను బట్టి పూరించడం మాకు అలవాటైన విద్యే. ఒక చోట మూసినంతమాత్రాన గ్రంథం మూగబోదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పరీక్ష చేయించుకున్నా మన గుట్టు సగం తెలిసిపోతుంది.

మా మేనకోడలి పరీక్షలో దోషం ఉన్నదని వచ్చింది. చికిత్స జరిగింది, ఇప్పుడు కులాసాగా ఉన్నది. దానితో ప్రశ్న నా దగ్గరికి వచ్చింది. ఆ దోషం మా నాన్నగారినుంచి మా అక్కయ్యకు వచ్చినట్లయితే, నాకూ వచ్చి ఉండవచ్చు. నాకు ఉంటే మా అమ్మాయికీ, అబ్బాయికీ సగం అవకాశం. అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “తెలుసుకుందాం నాన్నా. అత్తయ్యకు తెలిసి ఉంటే బ్రతికేది గదా” అన్నది. అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాము. మా ఆవిడ ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “ఉన్నదని వస్తే వియ్యాలవారికి చెప్పాలా, చెప్పకపోతే పాపమా?” అని అడిగింది. ఏ ధర్మశాస్త్రంలో వెతకాలో నాకు తోచలేదు. అబ్బాయి మాత్రం, “పెద్దవాళ్ళకు కాదమ్మా, నేను చేసుకోబోయే అమ్మాయికి నేనే చెబుతాను” అన్నాడు. అంతకంటె మంచి సమాధానం నాకు ఇప్పటికీ దొరకలేదు.

నెత్తురు ఇచ్చాను. ఫలితం వచ్చింది. అది ఏమిటో ఇక్కడ వ్రాయను. నా ఒక్కడిదైతే వ్రాసేవాణ్ణి. అందులో నా బిడ్డల అక్షరాలు, ఇంకా మాట్లాడటం రాని మా మనుమరాలి అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ పిల్ల పెద్దదై తన అభిప్రాయం తాను చెప్పగలిగే దాకా ఆ కాగితం బీరువాలోనే ఉంటుంది.

అంగీకారపత్రం మాట మరచిపోలేదు. నమూనాను పరిశోధనకు వాడుకోవచ్చునా అన్నచోట మా మేనకోడలు ‘అవును’ అన్న గడిలోనే గుర్తు పెట్టింది. బఫెలో నగరపు ఆ దాత కథ, హెన్రియెటా లాక్స్ కథ, అన్నీ చెప్పిన తరువాతే పెట్టింది. “వాళ్ళెవరో ఇచ్చినందువల్లే గదా మావయ్యా నాకీ మందు దొరికింది. నన్ను అడిగారు, ఇస్తున్నాను” అన్నది. అడగడం, ఇవ్వడం. ఈ రెండు మాటల మధ్య ఎంత చరిత్ర నడిచిందో ఆ పిల్ల నాకంటె ముందే గ్రహించింది.

ఆ తరువాత నేను చేసిన పని ఒకటున్నది. తాతగారి వంశవృక్షాన్ని కొత్త పుస్తకంలో తిరగవ్రాస్తున్నాను, ఈసారి ఆడవాళ్ళ పేర్లతో. పుట్టినవారు, మెట్టినవారు, ఏ ఏట పోయారు, ఏ జబ్బుతో పోయారు, తెలిసినంత మేరకు. మేనత్త పేరు కోసం మా ఊరు వెళ్ళాను. తొంభై దాటిన ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని, చాలాసేపు ఆలోచించి, ఆ పేరు చెప్పింది. మా నాన్నగారి పేరు ప్రక్కన వ్రాశాను.

మిత్రులారా, మీ ఇళ్ళలోని వంశవృక్షాలలో ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయా? ఒకసారి తీసి చూసి, వీలైతే నాకు తెలియజేయగలరు.